కప్పాబాషిలో 35 శాతం తగ్గింపుతో గ్యూతో: కొనాలా, వదిలేయాలా?

నిషికసాయ్_నుంచి
అందరికీ నమస్కారం. మూడు వారాల్లో టోక్యో వదిలి బెజవాడ వచ్చేస్తున్నాను. ఆరేళ్లు ఉన్నానిక్కడ, వంట నాదే, వారానికి ఐదు రోజులైనా వండుకుంటాను. వెళ్లేలోపు ఒక మంచి కత్తి కొనుక్కోవాలని చాలాకాలంగా కోరిక. నిన్న కప్పాబాషి వెళ్లాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, అది ఉయెనో, అసకుసాల మధ్య వంటసామాన్ల వీధి, ఎనిమిది వందల మీటర్ల పొడవునా గిన్నెలు, కత్తులు, హోటళ్లకి కావలసిన సామానే. ఒక షాపులో 240 మిల్లీమీటర్ల గ్యూతో (జపాన్‌వాళ్ల చెఫ్ కత్తి) చూశాను. ఒసాకా పక్కన కత్తులకి పేరున్న సాకాయ్‌లో చేసింది, షిరోగామి 2 అనే కార్బన్ స్టీలు, మాగ్నోలియా చెక్క పిడి, పిడి మొదట్లో గేదెకొమ్ము. 42,000 యెన్లు కొట్టేసి 27,300 అని రాసి ఉంది. చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాలేదు, అంత తేలిగ్గా ఉంది. ఇప్పుడు వాడేది సూపర్‌మార్కెట్‌లో కొన్న మామూలు స్టెయిన్‌లెస్ సంతోకు (ఇళ్లలో వాడే పొట్టి జపాన్ కత్తి), ఆరేళ్లలో దానికి ఒక్కసారి కూడా సాన పట్టలేదు.

ఈ ధరకి మళ్లీ దొరకదని కొనేయనా? ఇండియా వచ్చాక ఇలాంటిది వాడుకోగలనా? టాక్స్ ఫ్రీ కూడా వస్తే ఇంకో 10 శాతం కలిసొస్తుంది కదా? వచ్చే శనివారం మళ్లీ వెళ్తాను, ఆ లోపు తేల్చుకోవాలి.

సానరాయి
తమ్ముడూ, నేను హైదరాబాద్‌లో ఉంటాను, పదేళ్లుగా సరదాగా కత్తులకి సాన పడుతున్నాను, చుట్టాలవీ స్నేహితులవీ అన్నీ నా దగ్గరికే వస్తాయి. సూటిగా చెప్తున్నా, నీ పోస్టులో నాకు భయం వేసిన ముక్క ధర కాదు, "ఆరేళ్లలో ఒక్కసారి కూడా సాన పట్టలేదు" అన్నది. షిరోగామి అంటే మాంగనీస్, సిలికాన్ కొంచెం తప్ప వేరే లోహాలేమీ కలపని శుభ్రమైన కార్బన్ స్టీలు. దాని గొప్పతనమంతా రాయి మీద త్వరగా, సన్నగా పదునెక్కడంలోనే ఉంది. ఆ పదును ఎన్నాళ్లు నిలుస్తుందంటే అవోగామి అనే ఇంకో కార్బన్ స్టీలు దానికంటే ఎక్కువ నిలుస్తుంది, లోహపు పొడిని అదిమి చేసే పౌడర్ స్టీళ్లు ఇంకా ఎక్కువ. అంటే తరచూ రాయి మీద పెట్టే అలవాటున్న మనిషికి షిరోగామి వరం. ఆ అలవాటు లేకపోతే మూడు నెలల్లో నీ సూపర్‌మార్కెట్ సంతోకుకీ దీనికీ తేడా ఉండదు, పైగా తుప్పు కూడా చూసుకోవాలి.

బెజవాడలో సాన పట్టించడానికి ఎవరున్నారు? వీధిలో సైకిల్ మీద చక్రం తిప్పుకుంటూ వచ్చేవాళ్లకి మాత్రం ఇవ్వకు. వాళ్ల పనితనం తక్కువని కాదు, కత్తిపీటకీ కొడవలికీ వాళ్లే సరైనవాళ్లు. కానీ పొడి చక్రం మీద నిప్పురవ్వలు వచ్చేలా రుద్దితే పల్చటి వాదర క్షణంలో వేడెక్కి గట్టిదనం పోతుంది. అంచు నీలంగా మారిందంటే ఆ మేరకు స్టీలు చెడినట్టే, అది మొత్తం అరగదీసేదాకా ఆ కత్తి పదును నిలుపుకోదు.

డాలస్_వంటింట్లో
నా అనుభవం చెప్తాను. రెండేళ్ల కింద పండగ సేల్‌లో సగం ధరకి ఎస్‌జీ2 అనే పౌడర్ స్టీలు గ్యూతో కొన్నాను. గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 63, ఒంటి మీద అలల్లాంటి డమాస్కస్ గీతలు, చూడటానికి నగలా ఉంటుంది. మొదటి నెల నిజంగా ఆనందమే, ఉల్లిపాయ కోస్తే కన్నీళ్లు కూడా తగ్గాయి (అది పదును వల్లే, కణాలు నలగకుండా తెగితే ఆ ఘాటు అంతగా బయటికి రాదు). తర్వాత అత్తగారూ మామగారూ వచ్చారు. మామగారికి నా కత్తి తెగ నచ్చి, ఒకరోజు దాంతోనే గట్టి బెల్లం అచ్చు కొట్టారు. మడమ దగ్గర (వాదరకి పిడి వైపు చివర) మూడు పెచ్చులు లేచిపోయాయి. ఆయన్ని ఏమనగలం, ఇంట్లో కత్తి అంటే అన్నిటికీ కత్తే కదా. బాగు చేయించడానికి పంపిస్తే తగ్గింపులో మిగిలిన డబ్బులో సగం ఖర్చయింది. అందుకని "మీ ఇంట్లో ఇంకెవరు వాడతారు?" అన్నదే మొదట అడగాల్సిన ప్రశ్న అని నా అభిప్రాయం.

ఒసాకా_పొయ్యి
నేను ఒసాకాలో ఒక రెస్టారెంట్ కిచెన్‌లో పనిచేస్తున్నాను, ఏడేళ్లయింది. షిరోగామితో రోజూ పన్నెండు గంటలు పని. అంత భయపెట్టకండి అతన్ని, ఈ స్టీలు తగిన మనిషి చేతిలో పడితే దానికి సాటిలేదు.

కానీ ఒక్క విషయం. సాకాయ్ కత్తి ఒక్కరి చేతి మీద తయారవదు. కొలిమి దగ్గర సాగగొట్టేవాళ్లు వేరు, వాదర తీసేవాళ్లు వేరు, పిడి బిగించేవాళ్లు వేరు. ఇన్ని చేతులు మారి వచ్చేదానికి ధర ఊరికే తగ్గదు. ఊరికే 35 శాతం తీసేశారంటే నేను నమ్మను, ఏదో కారణం ఉండే ఉంటుంది. ట్యాగ్ మీద "వాకే ఆరి" అని రాసి ఉందా? ఉంటే, ఏదో లోపమో కారణమో ఉంది కాబట్టి తగ్గించామని వాళ్లే చెప్తున్నట్టు. దాచిపెట్టరు, అడిగితే చెప్తారు, మనమే అడగం. ప్రదర్శనకి పెట్టింది కావచ్చు, పిడిలో పగులు కావచ్చు, పాత స్టాకై మోడల్ మారి ఉండొచ్చు. ఒక్కోదానికి విలువ ఒక్కోలా ఉంటుంది.

టాక్స్ ఫ్రీ మర్చిపోండి. అది టూరిస్టుల్లా కొన్నాళ్లకి వచ్చి పోయేవాళ్లకే. పని వీసా మీద ఉన్నవాళ్లకి వర్తించదు, తిరిగి వెళ్లిపోతున్నా సరే. దానికోసం స్నేహితుడి పాస్‌పోర్టు వాడే ఆలోచన కూడా వద్దు.

నిషికసాయ్_నుంచి
అన్నా, ఉంది! ట్యాగ్ కింద చిన్న అక్షరాల్లో వాకే ఆరి అనే ఉంది, ఫోటోలో ఇప్పుడు చూసుకున్నాను. డబ్బా లేదేమో అనుకుని పట్టించుకోలేదు. శనివారం అడుగుతాను. ఇంకా ఏమేం చూడాలి?

ఒసాకా_పొయ్యి
వీపు వైపు నుంచి కన్ను దగ్గర పెట్టి, పిడి నుంచి ముక్కు దాకా గీతలా ఉందో లేదో చూడండి. వంకర ఉంటే అక్కడే తెలుస్తుంది. తర్వాత వాదర పైకి పెట్టి దీపం కింద నెమ్మదిగా తిప్పండి. పదునుగా ఉన్నచోట వెలుగు తగిలినా ఏమీ కనపడదు, మొద్దుబారినా పెచ్చు లేచినా అక్కడ చుక్కలా మెరుస్తుంది. మడమ వైపు నుంచి చూస్తే వాదర వెనకాల ఎంత పల్చగా ఉందో తెలుస్తుంది, క్యారెట్ చీలకుండా తెగడం స్టీలు పేరు కంటే దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఆఖరున చాపింగ్ బోర్డు మీద పెట్టి ముందుకీ వెనక్కీ ఊపండి, మధ్యలో సందు కనిపిస్తే తప్పుగా సాన పట్టినట్టు. షాపువాళ్లని అడగకుండా ముట్టుకోవద్దు, అడిగితే వాళ్లే తీసి చేతికిస్తారు.

కొంటే దారిలో డబ్బా విప్పకండి. కారణం లేకుండా ఆరు సెంటీమీటర్లు దాటిన కత్తి వెంట తిప్పడం ఇక్కడ నేరం. కొన్న రసీదుతో, మూసిన ప్యాకింగ్‌తో ఇంటికి తీసుకెళ్లడం మామూలే. విమానంలో చెక్‌ఇన్ సామానులోనే పెట్టాలి, అది మీకు తెలిసే ఉంటుంది.

బెజవాడ_వంటిల్లు
నాయనా, మీరంతా కార్బన్ స్టీలు గురించి కొత్త జంతువుని చూసినట్టు మాట్లాడుతున్నారు. మా అత్తగారి కత్తిపీట ఏం స్టీలు మరి? ఇనుముదే. కోసిన వెంటనే తుడిచి, పొడిగుడ్డ చుట్టి, వానాకాలంలో కొబ్బరినూనె చుక్క రాసి పెట్టేది. వంకాయ, అరటికాయ దాని మీద తరిగితే నల్లబడతాయని ఉప్పునీళ్లలో వేసేవాళ్లం, ఇప్పటికీ వేస్తున్నాం. చింతకాయ కోస్తే వెంటనే కడిగేవాళ్లం. ఇవన్నీ మా తరానికి చేతిలో ఉన్న పనులే, జపాన్ వాళ్లు నేర్పేదేం లేదు. అందుకని తుప్పు భయంతో మానుకోవద్దు.

భయపడాల్సింది వేరే ఉంది. మన ఇళ్లలో కత్తి ఒకరిది కాదు. పనమ్మాయి వచ్చి సింకులో గిన్నెలన్నిటితో కలిపి స్టీల్ పీచుతో తోముతుంది, తడిగానే బోర్లిస్తుంది. ఆ పిల్ల తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఇంకోటి గ్రానైట్ గట్టు, తొందరలో ఉంటే ఉల్లిపాయ బోర్డు లేకుండా గట్టు మీదే కోసేస్తాం. ఇంకా మీ అమ్మగారు. ఆవిడ ఏది వాడతారో కనుక్కున్నావా?

కొత్తగా_చేరా
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను కాకినాడ, క్యాటరింగ్ చేస్తాం. మాకు జపాన్ కత్తులు లేవు కానీ ఒక మాట అడగాలనిపించింది. 240 అంటే దాదాపు పది అంగుళాలు. ఇంట్లో బోర్డు ఎంత ఉంటుంది? మేము యాభై కిలోల ఉల్లి తరిగేటప్పుడు పొడుగు కత్తి కావాలి. ఇద్దరు ముగ్గురికి వండే ఇంట్లో ఆ పొడుగు అడ్డమే, గిన్నెలకి తగులుతుంది. అన్నగారికి చేతిలో తేలిగ్గా అనిపించింది అన్నారు, షాపులో ఊపడం వేరు, గట్టు మీద అటో ఇటో గ్రైండరూ స్టవ్వూ పెట్టుకుని తరగడం వేరు.

సానరాయి
కాకినాడ తమ్ముడు మంచి మాట చెప్పాడు. ఇంటికి 210 చాలు, సంతోకు అయితే 165 నుంచి 180.

అందరం మర్చిపోయింది ఇంకోటి, మనం ఏం కోస్తాం అనేది. జపాన్ కత్తి గట్టిదనం రాక్‌వెల్ మీద 60 దాటి ఉంటుంది, వాదర ఒక్కో వైపు సుమారు 15 డిగ్రీలు, కొన్ని ఇంకా తక్కువ. మనం మామూలుగా చూసే జర్మన్, స్విస్ కత్తులు 55 నుంచి 58 మధ్య. మెత్తటి కత్తికి దెబ్బ తగిలితే వాదర ఒక పక్కకి వాలుతుంది, కడ్డీ మీద రెండుసార్లు దువ్వితే నిలబడుతుంది. గట్టిది వాలదు, విరుగుతుంది. అందుకే బెండకాయ, బీన్స్, టమాటా, ఎముక లేని చికెన్, కొత్తిమీర వీటికి జపాన్ కత్తి అంత హాయి ఇంకోటి ఇవ్వదు. ఎముక, చేప తల, ఫ్రిజ్‌లో గడ్డకట్టింది, కొబ్బరి, బెల్లం, ఆవకాయకి టెంకతో కొట్టే మామిడికాయ, వీటి దగ్గరికి మాత్రం రానివ్వకూడదు. గుమ్మడికాయ, కంద లాంటివాటిలో దించి పక్కకి మెలితిప్పితే పెచ్చు లేవడం ఖాయం. వెల్లుల్లిని కత్తి చెంపతో చితక్కొట్టే అలవాటుంటే అది కూడా మానాలి. గరుకు స్టీలు కడ్డీ కూడా వద్దు.

అంటే ఇది కొన్నా ఇంకో మొరటు కత్తి ఎలాగూ ఉండాలి. మన ఇళ్లలో ఉంటుంది కాబట్టి అది సమస్య కాదు, ఏది దేనికో ఇంట్లో అందరికీ తెలియాలి, అంతే.

ఒసాకా_పొయ్యి
సానరాయి గారితో ఒక్కచోట విభేదిస్తాను. "సాన పట్టని మనిషికి షిరోగామి వద్దు" అంటే ఎవరూ ఎప్పటికీ నేర్చుకోరు. నేను నేర్చుకున్నది షిరోగామి మీదే, రాయి మీద అది ఇచ్చినంత సులువుగా ఇంకోటి పదునివ్వదు. వీజీ10 లాంటి స్టెయిన్‌లెస్‌లో కొత్తవాళ్లకి బర్ర్ (సాన పడితే అవతలి అంచున లేచే సన్నటి ఇనుప పొర) పోగొట్టడమే పెద్ద తలనొప్పి. కార్బన్‌లో అది సులువుగా వదులుతుంది. నేర్చుకోవాలని ఉంటే ఇదే సరైన స్టీలు.

సానరాయి
ఒప్పుకుంటాను, నేర్చుకోవాలని ఉంటే. ఆ మాట అతను చెప్పాలి. తమ్ముడూ, వారానికి ఇరవై నిమిషాలు రాయి ముందు కూర్చుంటావా? నిజాయితీగా చెప్పు. కూర్చుంటానంటే ఈ రోజే 1000/6000 రాయి (ఒకవైపు గరుకు, రెండోవైపు నున్నన) ఒకటి కొని, నీ దగ్గరున్న సంతోకు మీద మొదలుపెట్టు. శనివారం లోపు ఐదు రోజులున్నాయి. ఆ సంతోకు టమాటా తొక్కని నొక్కకుండా కోసిందంటే నీకు చేతనయినట్టు. కోపం వచ్చి రాయి పక్కన పెట్టేస్తే 27,300 మిగిలినట్టు.

నిషికసాయ్_నుంచి
కొన్నాను. కింగ్ 1000/6000 తీసుకున్నాను. రేపటి నుంచి మొదలు.

డాలస్_వంటింట్లో
పదిహేను డిగ్రీలు ఎంతో తెలియకపోతే, కత్తి వీపుని రాయి మీద నుంచి కత్తి వెడల్పులో సుమారు నాలుగో వంతు ఎత్తులో పట్టుకోమని నాకు ఒకాయన చెప్పారు, మొదట్లో బాగా పనికొచ్చింది. కత్తి వెడల్పుని బట్టి ఆ ఎత్తు మారుతుంది కానీ చేతికి ఒక అంచనా దొరుకుతుంది. వాదర మీద మార్కర్ పెన్ను రాసి రెండుసార్లు రుద్ది చూడండి, రంగు ఎక్కడ పోయిందో అక్కడే రాయి తగులుతున్నట్టు.

నిషికసాయ్_నుంచి
మూడో రోజు. మొదటి రోజు ఏమీ రాలేదు, వేలు కూడా కొద్దిగా తెగింది. నిన్న మార్కర్‌తో చూస్తే నేను వాదరని ముట్టుకోకుండా దాని పైభాగమే రుద్దుతున్నానని తెలిసింది. ఇవాళ రాత్రి మొదటిసారి అవతలి వైపు వేలితో తడిమితే గరుకుగా పొర తగిలింది. ఆ తర్వాత 6000 మీద నెమ్మదిగా. టమాటా మీద పెడితే దాని బరువుకే దిగింది. ఆరేళ్లు నేను వాడింది చెత్త కత్తి కాదు, సాన పట్టని కత్తి. అది అర్థమయ్యాక ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, పదింటికి అవసరం లేకపోయినా రెండు క్యారెట్లు తరిగాను.

అమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడాను. "నా కత్తిపీట నాకుంది, నేను కింద కూర్చునే తరుగుతాను. నీ కత్తి నువ్వే కడుక్కుని నువ్వే దాచుకుంటానంటే తెచ్చుకో. ఆ గేదెకొమ్ము ఉన్నది మాత్రం నా వంటింట్లోకి వద్దు" అంది. కొమ్ము సంగతి నేను అసలు ఆలోచించలేదు.

బెజవాడ_వంటిల్లు
మీ అమ్మగారు సూటిగా చెప్పారు. అలా చెప్పే పెద్దవాళ్లు ఉండటం మంచిది.

ఒసాకా_పొయ్యి
కొమ్ము లేనివి కూడా చాలా ఉన్నాయి, చెక్కనే రింగులా వేసినవి, పాకా చెక్కవి (చెక్క పొరల్ని జిగురుతో అదిమి చేసినవి). షాపులో పిడి మార్చి ఇస్తారు కూడా, దానికి కొంత అదనంగా తీసుకుంటారు.

నిషికసాయ్_నుంచి
ఇవాళ వెళ్లొచ్చాను. నిషికసాయ్ నుంచి మెట్రో తోజాయ్ లైన్‌లో నిహోంబాషి, అక్కడ గింజా లైన్ మారి తవారమాచి, షాపు తెరిచేసరికి వాకిట్లో ఉన్నాను. పెద్దాయన ఉన్నారు. వాకే ఆరి అంటే ఏమిటండీ అని అడిగాను. ఆయన తడుముకోకుండా చెప్పేశారు: ప్రదర్శనలో ఉండగా ఎవరి చేతిలోంచో జారి ముక్కు విరిగింది, వీపు వైపు నుంచి అరగదీసి ముక్కు మళ్లీ తీశారు. స్కేలు తెచ్చి కొలిచి చూపించారు, 240 కాదు 234 ఉంది. వాడుకకి ఏ లోపం లేదు, కానీ పూర్తి ధరకి అమ్మడం తనకి సమ్మతం కాదన్నారు. ఒసాకా అన్న చెప్పినట్టే దీపం కింద తిప్పి చూశాను, ఎక్కడా మెరవలేదు. వంకర లేదు. నిజంగా మంచి కత్తి.

కొనలేదు. పిడి మార్పించుకుంటే తగ్గింపులో కొంత పోతుంది, పొడవు నాకు ఎక్కువే, ఒళ్లంతా కార్బన్ కావడంతో పొరపాటున ఎవరైనా తడిగా పెడితే మొత్తం తుప్పు పడుతుంది. పెద్దాయనకి ఇంటి పరిస్థితి చెప్పాను, ఇండియాలో తేమ, ఇంట్లో ఇంకా మనుషులు ఉంటారు అని. ఆయన లోపలికి వెళ్లి 210 గ్యూతో ఇంకోటి తెచ్చారు. మధ్యలో అదే షిరోగామి 2, రెండు వైపులా స్టెయిన్‌లెస్ తొడుగు, వాదర దగ్గర సన్నటి గీత మేర మాత్రమే కార్బన్ బయటికి ఉంటుంది. పిడి మొత్తం చెక్కే. తగ్గింపు ఏమీ లేదు, 19,800. అది తీసుకున్నాను. తగ్గించిన దానికంటే తగ్గించనిదే ఏడున్నర వేలు తక్కువయింది. పేరు చెక్కించుకుంటారా అని అడిగారు, తెలుగులో రాసిస్తే చెక్కుతారా అన్నాను. కాగితం మీద రాసిచ్చిన అక్షరాన్ని చూసి ఉలితో నెమ్మదిగా కొట్టారు. "అ" ఒక్కటే, అమ్మ పేరులో మొదటి అక్షరం.

సానరాయి
బాగా చేశావు. ఆ 234ది కూడా ఎవరో అదృష్టవంతులకి దొరుకుతుంది. మొదటి రెండు వారాలు నిమ్మకాయ, చింతకాయ, పచ్చిమామిడి కోసిన వెంటనే తుడిచెయ్. క్రమంగా వాదర దగ్గర బూడిదరంగు, నీలంరంగు పొర వస్తుంది, అది తుప్పు కాదు, రుద్ది పోగొట్టకు, అదే కత్తిని కాపాడుతుంది. ఎర్రగా వస్తేనే తుప్పు.

ఒసాకా_పొయ్యి
నేనైతే ఆ మొదటిదే కొనేవాణ్ణి :) కానీ నా వంటింట్లో అమ్మ లేదు. మీకు ఇదే సరైనది. రాయి విమానంలో పగలకుండా తువ్వాలులో చుట్టి, పూర్తిగా ఆరాకే సర్దండి, తడి రాయి రెండ్రోజులు మూతలో ఉంటే వాసన వస్తుంది.

బెజవాడ_వంటిల్లు
వచ్చేలోపు ఒక పని చెయ్ నాయనా. మీ వీధిలో వడ్రంగి ఎవరైనా ఉంటే వేపచెక్కతో బోర్డు ఒకటి చేయించమని అమ్మకి చెప్పు, అడుగున్నర పొడవు, రెండు అంగుళాల మందం. చెక్క బాగా ఆరినదై ఉండాలి, పచ్చిది అయితే వంగిపోతుంది. ఇప్పుడు చెప్తేనే రెండు వారాల్లో అయ్యేది, నీ కత్తి వచ్చేసరికి గట్టు మీద ఉంటుంది.

నిషికసాయ్_నుంచి
ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను అక్కా.